మూడు పలకల తుంగ

ఉత్తరం సగంలో ఖాదర్ హుస్సేన్ గొంతు తగ్గించాడు. వినేవాళ్ళెవరూ లేరు. గల్ఫులో కల్బా ఊరికి ఎడంగా, ఒకవైపు రాతికొండ, ఇంకోవైపు సముద్రం, మధ్యన నిలువెత్తు గోడ కట్టిన ఆ తోటలో ఉండేది ముగ్గురే. అయినా ఆడమనిషి ఒంట్లో సంగతి కావడంతో గొంతు దానంతటదే తగ్గింది.

పోశయ్య చేతులు ఆగలేదు. మునిగాళ్ళ మీద కూర్చుని, బారెడు తుంగ కాడను ఒడిలో అడ్డంగా పెట్టుకుని, పచ్చటి తొక్కను కొస నుంచి మొదలు దాకా ఒక్క లాగుడులో ఒలిచాడు. లోపలి తెల్లటి బెండును కత్తితో పలచటి పట్టీలుగా కోసి పక్కనున్న తొట్లో వేశాడు. ఇంకో కాడ అందుకున్నాడు.

సమ్మవ్వకు గర్భసంచిలో గడ్డ ఉందట. కరీంనగర్ దవాఖానలో డాక్టరమ్మ చూసి, శివరాత్రి వెళ్ళగానే కోసెయ్యాలి, ఎండలు ముదిరేదాకా ఆగొద్దు అన్నదట. ఉత్తరం రాసిపెట్టిన పంతులు ఇంతవరకూ తన భాషలో రాశాడు. తరవాతి నాలుగు ముక్కలు మాత్రం ఆమె చెప్పింది చెప్పినట్టే పెట్టాడు. ఖాదర్ వాటిని నెల్లూరు యాసలో చదువుతుంటే కూడా పోశయ్యకు భార్య గొంతే వినిపించింది.

"నువ్వస్తెనే కోయిచ్చుకుంట. లేకుంటె గడ్డతోటే ఉంట. మత్తుసూది ఇచ్చినప్పుడు నా తలాపున ఎవలుంటరు?"

పిల్లలు లేరు. ఇద్దరికి ఇద్దరే. ఆమె మాటంటే మాటే. బల్ల ఎక్కనన్నదంటే ఎక్కదు.

"శివరాత్రికి ఇంకెన్నొద్దులున్నయి, భాయ్?"

ఖాదర్ వేళ్ళ మీద లెక్కేశాడు. ఇరవైరెండు రోజులు. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, పోశయ్య చేతులు తడిగా ఉన్నాయని తనే అతని చొక్కా జేబులో దూర్చాడు.

రెండేళ్ళ కాంట్రాక్టు దసరాకే అయిపోయింది. అప్పటినుంచి పోశయ్య మూడుసార్లు సెలవడిగాడు. మూడుసార్లూ రమ్‌జీ ఉస్తాద్ "బుక్రా" అన్నాడు. రేపు అని. రమ్‌జీ ఈజిప్టువాడు, ఈ పనికి ముదీర్, అంటే మేనేజరు. షెడ్డులో ఓ మూల బల్ల వేసుకుని రోజంతా ఆ పట్టీలతో తయారైన కాయితాల మీద బొమ్మలు గీస్తుంటాడు. బాతులు, తామరపూలు, పక్కకు తిరిగిన ముఖాల మీద ఎదురుగా చూసే కళ్ళు. వేల ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో రాతంతా ఈ కాయితం మీదే రాశారట. రాజుల పద్దులు, వైద్యుల చిట్కాలు, చచ్చినవాడి పక్కన పెట్టే మంత్రాలు. అరబ్బీలో దీన్ని బర్దీ అంటారు. పోశయ్య మాత్రం మొదటిరోజే కాడను వేళ్ళ మధ్య తిప్పి చూసి, మూడు పలకలు తగలగానే, "గిది తుంగ" అన్నాడు. రెండు తరాలుగా తుంగచాపలు అల్లిన ఇల్లు వాళ్ళది. నీళ్ళు పట్టే పనికి వచ్చిన మనిషి ఆరోజు చేసిన ఘనకార్యాన్ని ఖాదర్ ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు: చాప అల్లేవాడు చేసినట్టే తొక్కంతా జాగ్రత్తగా ఎండబెట్టి, కాయితానికి పనికొచ్చే బెండంతా ఎత్తి మేకలకేశాడు.

ఇప్పుడా తొక్కతోనే చాప అల్లి పరుచుకుని పడుకుంటున్నాడు. అది చూసి రమ్‌జీ ఓసారి, మావాళ్ళూ అంతే, తొక్కతో చాపలు, తాళ్ళు, చెప్పులు, కాడలు కట్టగట్టి పడవలు, చివరికి పేదవాళ్ళు వేరు కూడా కాల్చుకు తిన్నారు అని చెప్పాడు. రాసినవాళ్ళ పేర్లు ఎక్కడెక్కడ దొరికాయో కూడా చెప్పాడు. మరి కాయితం చేసినోని పేరేందని పోశయ్య అడిగితే, అది ఎవరూ రాయలేదన్నాడు.

చేతులు కడుక్కుని పోశయ్య షెడ్డులోకి వెళ్ళాడు. ఖాదర్ వెనకే వచ్చి ఉత్తరం సంగతంతా అరబ్బీలో చెప్పాడు. రమ్‌జీ కుంచె దించి పూర్తిగా విన్నాడు. నోటితో చప్పుడు చేసి తల ఆడించాడు. తరవాత చెప్పిందల్లా పాత సంగతే. దుబాయ్‌లో కొత్త హోటలుకు రెండువందల డెబ్భై కాయితాలు ఒప్పుకున్నాం. డెబ్భై అయ్యాయి. మిగతా రెండువందలు అవగానే పంపిస్తాను. పాస్‌పోర్టు తోట యజమాని అర్బాబ్ దగ్గరుంది, అర్బాబ్ షార్జాలో ఉన్నాడు. నువ్వు పోతే చేసేదెవరు?

బయటికొచ్చాక పోశయ్య నానబెట్టిన తొట్లవైపు చూశాడు. పట్టీలు నానడానికి ఆరు రోజులు. ప్రెస్సులో ఆరడానికి నాలుగు. ప్రెస్సులో ఒకసారికి పాతిక పడతాయి. ఇంకా కోయాల్సిన కాడలు తోట మడుగులోనే నిలబడి ఉన్నాయి, మనిషికంటే ఎత్తుగా, నెత్తిన పచ్చటి జుట్టు విరబోసుకుని. శివరాత్రి పోతుంది. ఎండలూ ముదురుతాయి.

"నీకు తెలవదా భాయ్, నువ్వు చెయ్యరాదా?"

"నేనుజేసింది నువ్వు జూడలా? జల్లెడ మావా, జల్లెడ. దాంట్లో పిండి జల్లించుకోవచ్చు." ఖాదర్ బీడీ ముట్టించాడు. "తప్పు నీదే. పని ఇంత బాగా జేస్తే ఎవుడు వదుల్తాడు? నీ చేతులే నీకు బేడీలు. చెడగొట్టు. రెండుసార్లు చెడిపోయిందంటే ఆయనే పొమ్మంటాడు."

పోశయ్య ప్రెస్సు వైపు చూశాడు.

ప్రెస్సులో అప్పటికే పాతిక కాయితాలున్నాయి. పట్టీలు ఒక వరస అడ్డం, దాని మీద ఒక వరస నిలువు, పైనా కిందా నూలుగుడ్డ, మళ్ళీ కాయితం, మళ్ళీ గుడ్డ. ఇనప పలక దించి మర బిగించి పెడితే పట్టీల్లోని జిగురే పట్టీలను అతికిస్తుంది. వేరే బంక ఏమీ అక్కర్లేదు. కానీ గుడ్డలు ఊరే నీళ్ళను తాగుతూ ఉంటాయి కాబట్టి పొద్దునోసారి సాయంత్రమోసారి మర విప్పి, తడిగుడ్డలు తీసి పొడిగుడ్డలు పెట్టాలి. రెండేళ్ళలో ఒక్క పూటా తప్పలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా.

ఆ సాయంత్రం అతను మర విప్పలేదు.

పొద్దు వాలుతుంటే చాప మీద కొండవైపు తిరిగి పడుకున్నాడు. లేవాలని కాళ్ళు గుంజుతూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున గుడ్డలు ఉతికాడు, ఆరేశాడు, మడతపెట్టాడు. ప్రెస్సు దగ్గరికి పోలేదు. రమ్‌జీ బొమ్మల్లో మునిగి ఉన్నాడు, ఆ పని దానంతటదే జరుగుతుందనే అతని నమ్మకం. సాయంత్రం ఖాదర్ పప్పులో ఉప్పు మరిచిపోతే పోశయ్య చెప్పకుండా తిన్నాడు. మూడోరోజు సముద్రం మీంచి చెమ్మగాలి తిరిగింది. షెడ్డు దాటుతుంటే వాసన వచ్చింది. వానకు తడిసి మూలన పడేసిన చాప వాసన.

మర విప్పింది రమ్‌జీనే. వాసన అతనికీ తగిలింది. పలక ఎత్తి, పైకాయితం తీసి వెలుగుకు పెట్టాడు. అడ్డం నిలువు గళ్ళ మధ్య నల్లటి బూజు చుక్కలు, ఆవాలు చల్లినట్టు. రెండోది తీశాడు. మూడోది. పోశయ్య గుమ్మంలో నిలబడ్డాడు. తిట్లకు సిద్ధపడి వచ్చాడు గానీ, ఆ కాయితాలను చూడటానికి సిద్ధపడి రాలేదు. వాటివైపు చూడలేక గుడ్డల దొంతర సర్దబోయాడు.

రమ్‌జీ తిట్టలేదు. పాతిక కాయితాలూ ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టి, రంగుల పెట్టె బోర్లించి దానిమీద కూర్చున్నాడు. చాలాసేపు ఖాదర్‌తో మాట్లాడాడు. గొంతు పెంచలేదు. మధ్యలో ఒకసారి తన చేతులు రెండూ తిప్పి చూపించాడు. ఖాదర్ ముఖంలో నవ్వు పోయింది.

"ఏమంటుండు?"

"ఉండు మావా." ఖాదర్ బీడీ తీసి, వెలిగించకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఈయన వాళ్ళ ఊళ్ళో స్కూల్లో డ్రాయింగ్ మాస్టరంట. అర్బాబ్‌కి బర్దీ చేసే మనిషి కావాలంటే నాకొచ్చు అని జెప్పి వచ్చినాడు. రాదు. కైరోలో ఎవరో చేస్తా ఉంటే పూటసేపు చూసినాడంట, అంతే. నువ్వు రాకముందు చేసినవన్నీ చీలిపొయ్యినయ్. అర్బాబ్ ఈ కాయితాలన్నీ ఈయనే చేస్తా ఉండాడనుకుంటా ఉండాడు. నువ్వు వీసా కాయితంలో నీళ్ళుబట్టే మనిషివే. నువ్వుపోతే పదిరోజుల్లో బయటపడద్ది. ఈయన పాస్‌పోర్టు గూడా అదే బీరువాలో ఉంది."

పోశయ్య రమ్‌జీ వంక చూశాడు. ఐదు నెలలుగా ఆ మనిషి "బుక్రా" అన్నప్పుడల్లా తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నట్టే కనిపించేవాడు. ఇప్పుడు పెట్టె మీద మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, బడిలో బల్లెక్కించిన పిల్లాడిలా కూర్చున్నాడు. వేళ్ళకు నీలిరంగు. అరచేతులు మెత్తగా, ఎక్కడా కాయ లేకుండా ఉన్నాయి.

"నీ అబద్ధానికి నా పెండ్లాం పానం తాకట్టా?" అన్నాడు పోశయ్య, తెలుగులోనే.

ఖాదర్ ఏం మార్చి చెప్పాడో ఏమో. రమ్‌జీ అసలు మాటే విన్నవాడిలా తల దించుకున్నాడు.

ఎండ గుమ్మంలోంచి జరిగి ప్రెస్సు కాళ్ళ దాకా వచ్చింది. పోశయ్య చెడిన గుడ్డలన్నీ చంకన పెట్టుకుని వెళ్ళబోతూ ఆగాడు.

"పొద్దుగాల ప్యాంటు మలుచుకొని మడుగు కాడికి రమ్మను. నేర్పుత."

ఖాదర్ ఆ ముక్క చెప్పి, వెంటనే బయటికి పరిగెత్తుకొచ్చి పోశయ్య జబ్బ పట్టుకున్నాడు. "నీకు మతుండాదా? ఆయనకొస్తే నువ్వెందుకు వాళ్ళకి? తోలేస్తారు. సెలవుకాదు, ఖలాస్. మళ్ళీ వీసా ఎవుడిస్తాడు నీకు, యాభై దగ్గరపడింది. సరే, నేర్పు. ఒక్కటన్నా దాచిపెట్టుకో. ఏ పనోడైనా ఒకటి దాచుకుంటాడు మావా. మా నాయన బిర్యానీలో ఏమేస్తాడో చచ్చేదాకా మా అమ్మకే జెప్పలా."

అది పోశయ్యకు తట్టకపోలేదు. దాచుకోవడానికి ఉన్నది కూడా ఒకటే. పట్టీ నానిందా లేదా అనేది కంటికి తెలియదు. ఆరు రోజులని అంటారు గానీ, చలిలో ఎనిమిది, వేడిలో నాలుగు. తీసి చూపుడువేలి మీద వేస్తే రెండు కొసలూ తడిగుడ్డలా వేలిని కరుచుకుని వాలాలి. కొంచెం నిక్కినా పచ్చిదే. పచ్చి పట్టీతో చేసినా ఆ పూటకు కాయితం బాగానే ఉంటుంది. నెలా రెండు నెలలు పోయాక, గోడకు తగిలించాక, గీతలు గీతలుగా చీలుతుంది. అప్పుడు వెతుక్కుంటారు.

పొద్దున రమ్‌జీ వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మలిచాడు, కాళ్ళు గోడకేసిన సున్నంలా ఉన్నాయి. మడుగులో దిగేటప్పుడు నీళ్ళ చల్లదనానికి ఏదో అరబ్బీ మాట అన్నాడు. కాడను నీళ్ళకు జానెడు కింద కోయాలని పోశయ్య చేయి పట్టి చూపించాడు. ఒడ్డున మునిగాళ్ళ మీద కూర్చోలేక రమ్‌జీ పెట్టె తెచ్చుకుంటే, పోశయ్య ఆ పెట్టె తీసి అవతల పెట్టాడు. ఒళ్ళో పట్టు లేకపోతే తొక్క ఊడిరాదు. ఉస్తాద్ రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు. మూడోసారి తనే నవ్వాడు. మధ్యాహ్నానికి వేలు కోసుకున్నాడు. పోశయ్య పచ్చి తొక్క చీల్చి వేలికి చుట్టి ముడి వేశాడు.

నానిన పట్టీలు వేర్వేరు తొట్లలో వేర్వేరు రోజులవి ఉన్నాయి కాబట్టి పరిచే పని కోసం ఆగక్కరలేకపోయింది. అక్కడ రమ్‌జీ కన్ను పనికొచ్చింది. వరస వంకరపోదు. బొమ్మలేసే చేయి. కానీ అంచు మీద అంచు వెంట్రుకవాసి ఎక్కించమంటే వేలెడు ఎక్కించేవాడు. అలా చేస్తే అక్కడ గట్టులా లేస్తుంది. పోశయ్య అతని చేతి మీద చెయ్యి వేసి, చాప అంచు సరిచేసినట్టు, నెమ్మదిగా వెనక్కి లాగేవాడు. మాటలు ఎక్కువ లేవు. "థోడా." "బస్." "ఫిర్ సే." బూజుపట్టిన పాతికనూ రమ్‌జీ పారెయ్యలేదు. చుక్కలున్నచోటల్లా నది, నదిలో రెల్లు, రెల్లులో బాతులు గీసి మచ్చలు కనపడకుండా చేశాడు. హోటలువాళ్ళకు అవే ఎక్కువ నచ్చుతాయని ఖాదర్ వేళాకోళం చేశాడు.

ప్రతి తొట్టి దగ్గరా రమ్‌జీ ఒక పట్టీ పైకి తీసి, "ఖలాస్?" అని అడిగేవాడు. పోశయ్య అది అందుకుని, అటు తిరిగి వేలి మీద వేసి చూసి, అవునని కాదని తల ఊపేవాడు. ఎలా తెలిసిందో చెప్పేవాడు కాదు. ఖాదర్ దూరం నుంచి చూసి కళ్ళతోనే మెచ్చుకునేవాడు.

ఐదోరోజు మధ్యాహ్నం పోశయ్య గుడ్డలు ఆరేసి వచ్చేసరికి రమ్‌జీ తనంతట తానే ఒక తొట్టి ఎంచుకుని పట్టీలు పరుస్తున్నాడు. అడ్డవరస సగం అయింది. చక్కగా ఉంది, వెంట్రుకవాసి అంచులు. పోశయ్య దూరం నుంచే చూశాడు. బల్ల అంచున పట్టీ కొస ఒకటి కిందికి వాలకుండా గాలిలో నిక్కి ఉంది. నాలుగు రోజుల తొట్టి. ఇంకా పచ్చిది.

అతను ఏమీ అనక్కరలేదు. ఊరకే నిలబడితే చాలు. ఆ కాయితం నాలుగు రోజుల్లో నున్నగా వస్తుంది, షార్జాలో అర్బాబ్‌కు అది చూపించి తన పాస్‌పోర్టు అడుగుతారు, తను ఇంటికి పోతాడు. సమ్మవ్వ తలాపున కూర్చుంటాడు. ఎండాకాలం మధ్యలో ఎక్కడో హోటలు గోడ మీద చీలుతుంది. ఆ పోశయ్యను పిలవండి అంటారు.

అడ్డవరస పూర్తయింది. రమ్‌జీ అరచేతితో ఒకసారి నిమిరి, నిలువు వరసకు మొదటి పట్టీ అందుకున్నాడు. రెండోది. మూడోది. నుదుటి చెమట పట్టీల మీద పడకుండా భుజానికి తుడుచుకున్నాడు. పోశయ్య ఎప్పుడూ అలానే తుడుచుకుంటాడు. అది తను నేర్పలేదు.

పోశయ్య వచ్చి ఆ చేతిలోంచి నాలుగో పట్టీ తీసుకున్నాడు. రమ్‌జీ చూపుడువేలు చాపించి, దానిమీద వేశాడు. కొసలు రెండూ మీసంలా నిలబడ్డాయి. "కచ్చా," అన్నాడు. ఎనిమిదిరోజుల తొట్టిలోంచి ఇంకోటి తెచ్చి అదే వేలి మీద వేశాడు. అది రెండువైపులా జారి వేలిని చుట్టుకుంది.

రమ్‌జీ ఆ వేలిని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తరవాత పరిచిందంతా తీసి తొట్లో వేశాడు. గుమ్మంలో ఖాదర్ నెత్తి కొట్టుకుని వంటింటివైపు వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి పోశయ్య వరస చూడలేదు. తొట్లు చూడలేదు. తను ఇంతకాలం వాడుకున్న కత్తి రాయి మీద నూరి బల్ల మీద పెట్టాడు.

రమ్‌జీ తన చేత్తో చేసిన నాలుగు కాయితాలు ఆరగానే చుట్టచుట్టుకుని ఖాదర్ నడిపే పికప్‌లో షార్జా వెళ్ళాడు. పోశయ్య ఒక్కడే మూడురోజులు తోటలో ఉన్నాడు. గేటుకు బయటినుంచి తాళం. ఆ మూడురోజులూ నీళ్ళు పట్టాడు, గుడ్డలు మార్చాడు, మాట్లాడటానికి ఎవరూ లేక మేకలతో మాట్లాడాడు.

పికప్ మూడోరోజు సాయంత్రం అసర్ నమాజు వేళకు వచ్చింది. రమ్‌జీ దిగి, జేబులోంచి పాస్‌పోర్టు తీసి, రెండు చేతులతో ఇచ్చాడు. రెండేళ్ళలో ఏ వస్తువూ అలా ఇచ్చినవాడు కాదు. పోశయ్య గట్టు మీద కూర్చుని పేజీలు తిప్పాడు. తన ఫోటో చూసుకున్నాడు. ఒక పేజీలో కొత్త ముద్ర, తను చదవలేని అరబ్బీ అక్షరాలు.

"ఏం రాసిన్రు భాయ్?"

ఖాదర్ రమ్‌జీని చూశాడు. రమ్‌జీ నేలను చూశాడు.

"సెలవు," అన్నాడు ఖాదర్. "రెణ్ణెల్లు."

"నీకు అబద్ధం చెప్పస్తలేదు, తియ్యి."

ఖాదర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. కాయితాలు చూసి అర్బాబ్ చాలా సంతోషపడ్డాడట. అంతా నువ్వే చేస్తుంటే నీళ్ళు పట్టేదానికి ముసలోడెందుకు, ఖాదర్ పట్టడా అని రమ్‌జీతో అన్నాడట. వీసా రద్దు చేయించి, టిక్కెట్టు చేతికిచ్చి పంపాడు.

"ఉస్తాద్ ఒక్క మాట ఎదురుజెప్పలా మావా. నిలబడే ఉండాడు. నాకు ఒళ్ళు మండింది."

"ఏం జెప్తడు? చెప్తె కాయితాలన్ని నేనుజేసిన్నని చెప్పాలె." పోశయ్య పాస్‌పోర్టు మూసి, తుడిచి, ఉత్తరం ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు. "వేలు మీద పట్టీ ఏసిననాడే ఎరుక నాకు. ఇమానం ఎప్పుడు?"

"ఎల్లుండి. బొంబాయికి."

పోశయ్య పెదాలు కదిపి లెక్కేసుకున్నాడు. బొంబాయిలో ఒక రోజు, రైల్లో ఒక రోజు, బస్సు. శివరాత్రికి ముందే ఇల్లు చేరతాడు. సమ్మవ్వకు ముందుగా తెలియదు. వాకిట్లో నిలబడగానే ఏం తిడుతుందో కూడా తెలుసు అతనికి.

ఇంతలో రమ్‌జీ తలెత్తి కొండ మీది ఎండ చూశాడు. ప్యాంటు మలుచుకుని, తీగ మీది పొడిగుడ్డలు చేతి మీద వేసుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు.

మర విప్పే చప్పుడు వినిపించింది. పోశయ్య కాళ్ళు అప్పటికే లేచాయి. రెండడుగులు వేశాక గానీ తనకా సంగతి తెలియలేదు. ఆగాడు. వెనక్కొచ్చి ఖాదర్ పక్కన కూర్చున్నాడు.

నాలుగో చుట్టు దగ్గర మర మొరాయించింది. అక్కడ భుజం ఆనించి తోయాలి. లోపల చప్పుడు ఆగిపోయింది. పోశయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని చెవి అటే వేశాడు. కాసేపటికి ఓ మూలుగు, ఆ వెంటనే ఇనుము కదిలిన కిర్రుమనే చప్పుడు. తిరిగింది.